మెత్తగానా, గట్టిగానా

హలో, అందరికీ నమస్తే. వినపడుతోందా? నా గొంతు కాస్త బొంగురుగా ఉంటుంది, జీవితమంతా దూది పీల్చిన గొంతు, సర్దుకోండి. మొన్న మన గ్రూపులో ఒక కుర్రాడు అడిగాడు. "అంకుల్, విడాకుల చట్టం మారినప్పుడు మీరు ఉన్నారుగా, ఆ దెబ్బతో ఇళ్ళన్నీ కూలిపోయాయంటగా?" అని. జవాబు టైపు చేద్దామని కూర్చున్నాను. ఒక్క ముక్కలో తేలే సంగతి కాదని అర్థమైంది. నేను పెద్దగా చదువుకున్నవాణ్ణి కాదు, చట్టాల సంగతి నాకు తెలీదు. మా ఇంటి సంగతి తెలుసు. అదే చెప్తాను. టీ కప్పు పక్కన పెట్టుకుని వినండి.

మాది పరుపుల షాపు. కింద షాపు, పైన ఇల్లు. పైన అమ్మ, అక్క, నేను, మా ఆవిడ. కింద షాపు వెనక గదిలో మా బావ, అంటే అక్క మొగుడు. సరిగ్గానే విన్నారు. అక్క పైన, బావ కింద, మధ్యలో మెట్లు. వాళ్ళు విడిపోయి అప్పటికే చాలా ఏళ్ళయింది. చట్టం లెక్కలో మాత్రం ఆలుమగలే.

కొట్టేవాడా అని అడుగుతారు. చీమకు కూడా దారి ఇచ్చి నడిచే మనిషి. తాగేవాడా? టీ తప్ప మరో చుక్క ఎరగడు. పోనీ అక్కది తప్పా అంటే, ఆమె పేరు చెప్తే వీధిలో గొడవపడేవాళ్ళు కూడా గొంతు తగ్గించేవారు. ఇద్దరూ మంచివాళ్ళే, ఒక గదిలో పెడితే మాత్రం ఉప్పూ నిప్పూ. ఎవరడిగినా అక్క ఒక్క మాటే అనేది. "పొసగలేదు." బావని అడిగితే ఆ మాట కూడా అనేవాడు కాదు, కళ్ళజోడు తుడుచుకునేవాడు.

మరి ఒకే షాపులో ఎలా పనిచేసేవారంటారా? దానికి కారణం దబ్బనం. పరుపులో దూది నింపి, గలేబు మూతి కుట్టేశాక, దూది లోపల జరగకుండా అక్కడక్కడా టాకాలు వెయ్యాలి. అందుకు పరుపుని చెక్క చట్రంలో తలుపులా నిలబెడతాం. ఇటు ఒకరు, అటు ఒకరు. ఇటువాళ్ళు జానెడు దబ్బనాన్ని పొడిస్తే, అటువాళ్ళు అందుకుని, దారం లాగి, మళ్ళీ ఇటు పంపాలి. ఒకరి మొహం ఒకరికి కనపడదు. చేతికి చెయ్యి తెలిసుండాలి. అక్క బదులు నేను నిలబడితే బావ వేలికి నెత్తురు, బావ బదులు నిలబడితే అక్క నోటికి పని. ఆ పని వాళ్ళిద్దరికే కుదిరేది. దూది ఎంత నింపినా, పరుపు మెత్తనో గట్టో తేలేది టాకా బిగువుని బట్టే. అందుకే బావ వచ్చిన ప్రతి గిరాకీని మొదట అదే అడిగేవాడు. "మెత్తగానా, గట్టిగానా?" నమస్కారం కూడా దాని తర్వాతే.

పనిచేసేటప్పుడు ఇద్దరి మధ్యా మాటల్లేవు. చట్రం మీద వేలితో ఒక తట్టు తడితే దబ్బనం వస్తోందని అర్థం. మిగతా మాటలన్నిటికీ నేనే వంతెన.

"ఒరేయ్, మీ బావని మందం దారం తీసుకోమను."

"బావా, మందం దారం."

"విన్నాలేరా, నాకేం చెవుడా? తీస్తున్నానని చెప్పు."

"అక్కా, తీస్తున్నాడు."

"అది నాక్కూడా వినపడిందిలే."

ఇలా గడిచిపోతుండగా ఆ వేసవి వచ్చింది. చలికాలానికి ముందే పాత పరుపులు విప్పి ఏకించుకుందామని జనం ఎగబడే రోజులు. షాపంతా దూది మేఘం. ఒక మధ్యాహ్నం అక్క బయటికెళ్ళి వచ్చింది. మొహంలో ఏదో వెలుగు.

"గది చూశాను. మిల్లు వెనక వీధిలో. చిన్నదే, కానీ కిటికీ పెద్దది," అంది.

అమ్మ చేతిలో గరిట ఆగిపోయింది. "ఇక్కడ నీకేం తక్కువైందే?"

"ఏమీ తక్కువ కాలేదమ్మా. నా తలుపుకి నా తాళం కావాలి."

గది ఇచ్చే ఓనరమ్మ మంచిదే కానీ, పెళ్ళైన ఆడదానికి మొగుడి సంతకం లేకుండా గది ఇవ్వడానికి అప్పట్లో లేదు. సంగతి తెలిసి బావ కిందినుంచే కబురు పెట్టాడు, కలం తెస్తే ఇప్పుడే పెడతానని. అక్క ఒప్పుకోలేదు.

"ఆయన సంతకంతో వచ్చిన గది ఆయన గదే అవుతుంది. రేపు ఆయనకేమన్నా అయితే మళ్ళీ ఇంకొకడి సంతకం. నాకు వద్దు."

"మరేం చేద్దామే?" అంది అమ్మ.

"విడాకులు తీసుకుందాం," అంది అక్క, దారం తీసుకుందాం అన్నంత మామూలుగా.

అమ్మ తాడెత్తున లేచింది. లోకం అంది, పరువు అంది, నా బొందిలో ప్రాణం ఉండగా అంది. అక్క అన్నీ వింది, అన్నం పెట్టుకుని తింది, పొద్దున్నే ప్లీడరు దగ్గరికి నన్ను వెంటబెట్టుకుని పోయింది. బావ మా వెనకాలే, వీధికి అటువైపున నడిచి వచ్చాడు.

ప్లీడరు ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే రకం. అంతా విని పెన్ను మూతపెట్టాడు.

"ఇద్దరికీ ఇష్టం లేదు, అంతేగా? చట్టానికి అది సరిపోదమ్మా. ఒకళ్ళు తప్పు చేసుండాలి. కొట్టాలి, లేకపోతే ఇంకొకళ్ళతో పోవాలి, లేకపోతే వదిలేసి పారిపోవాలి. ఏదో ఒకటి. దానికో సాక్షి."

"ఏ తప్పూ చెయ్యకపోతే?" అన్నాడు బావ.

"అయితే కలిసుండాలి. తప్పు చెయ్యనివాళ్ళకి విడాకులెందుకయ్యా?"

తప్పు రుజువైన మనిషి పేరు కోర్టు గోడ మీద అంటించేవారు. అలాంటివాడి షాపుకి ఎవరొస్తారు? అది తెలిసి కూడా బావ అక్కడికక్కడే అన్నాడు, "సరేనండీ, నేనే కొట్టానని రాయండి." అక్క వెంటనే అడ్డం పడింది. "ఆయన నన్ను కొట్టలేదు. అబద్ధం రాస్తే నేను ఒప్పుకోను." ప్లీడరు నావంక చూశాడు, వీళ్ళు నిజంగా విడిపోదామనే వచ్చారా అన్నట్టు.

ఇంటికొచ్చాక బావ నా ద్వారా చాలాసేపు బతిమాలాడు. చివరికి అక్క ఒక మెట్టు దిగింది. "ఒకటే షరతు. అబద్ధం వద్దు. నిజంగానే ఒక దెబ్బ వెయ్యమను. సాక్షి ఎదురుగా. అప్పుడది నిజమే అవుతుంది." అక్క సంగతి అంతే, నిజానికి కూడా కొలత పట్టి కుట్టే మనిషి.

సాక్షిగా పక్క సెలూన్ మామయ్యని అడిగాం. ఆయన ఊళ్ళో అందరి గడ్డాలూ గీస్తాడు, ఎవరి రహస్యమూ గీకి బయటపెట్టడు. "చూడనిది చూశానని చెప్పనోయ్. ముందు చూపించండి, చూసింది చెప్తాను," అని కత్తి తుడుచుకుని వచ్చి మా షాపులో స్టూలు మీద కూర్చున్నాడు. అమ్మ మెట్ల మీద కూర్చుంది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. మా ఆవిడ తలుపు సందులోంచి చూస్తోంది.

బావ పొద్దుట్నుంచీ వెనక గదిలో పాత పరుపు మీద సాధన చేస్తున్నాడు, ధన్ ధన్ మని చప్పుడు. ముందుకొచ్చాడు. ఎదురుగా అక్క, చేతులు కట్టుకుని.

"ఏమనుకుంటున్నావు నువ్వు?" అన్నాడు బావ. గిరాకీని పలకరించినంత మెల్లగా వచ్చింది మాట.

"గట్టిగా అను బావా!" అన్నాను నేను.

"ఏమనుకుంటున్నావూ!" అని అరిచి చెయ్యెత్తాడు. అక్క కళ్ళు మూసుకుంది. అమ్మ "అయ్యో" అంది. ఎత్తిన చెయ్యి గాల్లో ఆగిపోయింది. బావ కళ్ళు అక్క చెవి దగ్గర ఆగాయి. అక్కడ జుట్టులో ఒక దూది పింజ చిక్కుకుని ఉంది. పరుపుల షాపువాళ్ళకి ఇది జబ్బులాంటిది, ఎదుటి మనిషి జుట్టులో దూది కనపడితే తియ్యకుండా ఉండలేం. నేను మా వీధి పోలీసాయన మీసంలోంచి కూడా తీశాను. ఎత్తిన చెయ్యి మెల్లగా దిగింది. రెండు వేళ్ళతో ఆ పింజని తీసింది. బావ దాన్ని అలవాటుగా జేబులో వేసుకున్నాడు.

అక్క కళ్ళు తెరిచింది. "అయిపోయిందా?"

సెలూన్ మామయ్య లేచి నిలబడ్డాడు. "నేను చూసింది ఇదే నాయనా. కోర్టులో ఇదే చెప్తా. పెళ్ళాం మీద చెయ్యెత్తాడండీ, దూది తీశాడండీ అని. ఉరిశిక్ష వేస్తారేమో చూద్దాం!"

మా ఆవిడ తలుపు వెనక కూలబడి మరీ నవ్వింది. నేనూ నవ్వాను. బావ చెయ్యి చూసుకుంటూ నిలబడ్డాడు. అక్కా, అమ్మా కూడా నవ్వలేదు.

అమ్మ మెట్ల మీంచే అడిగింది. "ఇంత మంచివాడితో ఎందుకుండలేవే నువ్వు?"

అక్క గొంతులో కోపం లేదు. అలసట ఉంది. "మంచివాడనేగా అమ్మా ఇన్నాళ్ళూ ఇరుక్కుపోయాం. చెడ్డవాడైతే కోర్టే ఎప్పుడో వదిలించేది."

అమ్మ కొంగుతో మోకాళ్ళు దులుపుకుని పైకెళ్ళింది. గది సంగతి అక్కడితో మూలపడింది. అక్క రోజూ పనయ్యాక మిల్లు వెనక వీధి చుట్టూ తిరిగి వచ్చేది. కిటికీకి ఇంకా పరదా కట్టలేదు, అంటే ఎవరూ చేరలేదు, అని మా ఆవిడతో చెప్పేది.

ఆ వేసవిలోనే ఊరంతా చట్టం గోల మొదలైంది. తప్పు ఎవరిదని అడక్కుండా, ఇద్దరికీ వద్దంటే విడాకులు ఇవ్వొచ్చా, మొగుడి సంతకం లేకుండా పెళ్ళైన ఆడది గది తీసుకోవచ్చా అని ప్రభుత్వం ఓటు పెట్టి జనాన్నే అడిగింది. అవును, కాదు, రెండే గళ్ళు. మైకులు పట్టుకుని బళ్ళు తిరిగేవి. ఒక బండి "కుటుంబాల్ని కాపాడండి" అంటే, దాని వెనకాలే వచ్చిన బండి "మనుషుల్ని కాపాడండి" అనేది. షాపులో గిరాకీలు పరుపు సంగతి మర్చిపోయి పోట్లాడుకునేవారు.

ఒకాయన, పెద్ద మనిషే, దూది మూట మీద కూర్చుని అందుకున్నాడు. "ఈ చట్టం వస్తే ఆడవాళ్ళంతా మూటాముల్లె సర్దుకుని పోతారు, చూస్తూ ఉండండి!"

మా ఆవిడ ఊరుకుంటుందా? "అంటే ఇప్పుడు తలుపు గడియ పెట్టబట్టే ఉన్నారంటారా బాబాయ్? పిన్నికి తెలుసా ఈ సంగతి?"

ఆయన సర్దుకున్నాడు. "నేను మా ఇంటి సంగతి అనడం లేదమ్మా, లోకం సంగతి."

"పిల్లలు పుట్టకుండా వేసుకునే మాత్రకి కూడా మొన్నటిదాకా మొగుడి సంతకం కావాలన్నారు. ఆ రూలు తీసేసిన రోజు కూడా లోకం మునుగుతుందన్నారు. నేను ఆ వారమే తెచ్చుకున్నా. మునిగిందా?" అని నావంక చూసింది. నేను దూది ఏకడంలో తలమునకలైపోయాను. ఇలాంటప్పుడు దూది చాలా పనికొస్తుంది.

బావ కళ్ళజోడు పైకి తోసుకుని, "అయ్యా, మెత్తగానా, గట్టిగానా?" అన్నాడు. పెద్దమనిషి ఊపిరి పీల్చుకుని, "మెత్తగానే చెయ్యి నాయనా, ఇంట్లో అది తప్ప ఇంకేదీ మెత్తగా లేదు," అన్నాడు.

అమ్మ మాత్రం కాదు గడికే వేస్తానంది. కుటుంబాల్ని కాపాడమన్న మైకు బండివాళ్ళు ఇచ్చిన గుడ్డ బిళ్ళ రవిక మీద పెట్టుకుని మరీ తిరిగింది. అక్క ఎదురైతే బిళ్ళ మీద కొంగు కప్పుకునేది. అక్క చూసీ చూడనట్టు పోయేది. ఒకే ఇంట్లో రెండు ఓట్లు ఎడమొహం పెడమొహంగా తిరగడం ఎలా ఉంటుందో ఆ వేసవిలో చూశాను. అలాగని వంటా ఆగలేదు, జడ వెయ్యడమూ ఆగలేదు. రోజూ పొద్దున అక్క జడ అమ్మే వేసేది, ఒక్కో దూది పింజ ఏరుతూ. మాట మాత్రం ఉండేది కాదు.

ఓటింగు రోజు బడి దగ్గర పెద్ద వరస. అమ్మని నేనే తీసుకెళ్ళాను. మాకు ముందు సెలూన్ మామయ్య, వెనక ఓనరమ్మ, పక్క వరసలో ప్లీడరు, అందరూ ఎండకి నెత్తిన గుడ్డలేసుకుని. అమ్మ లోపలికెళ్ళి ఎంతసేపటికీ రాలేదు. కళ్ళు కనపడలేదేమోనని నేను కంగారుపడ్డాను. చివరికి వచ్చింది. రవిక మీద బిళ్ళ లేదు.

"ఊడిపోయిందా అమ్మా?"

"ఎండకి చెమటగా ఉంటే తీశాను. అన్నీ అడుగుతావేరా?" అని గబగబా ముందు నడిచింది.

ఇంటికొచ్చి మంచినీళ్ళు తాగింది. తర్వాత షాపులోకి దిగింది. అమ్మ కిందికి దిగి పని ముట్టుకుని ఏళ్ళయింది. గలేబు గుడ్డల తాను విప్పింది. నీలం చారల గుడ్డ, మా దగ్గరున్నవాటిలో మంచిది. జానతో కొలిచి కత్తెర వేసింది. కొలత చూసి నాకు అర్థం కాలేదు. మేం చేసేవన్నీ ఇద్దరికి సరిపడేవి, లేకపోతే పిల్లలవి.

"ఎవరికమ్మా ఇంత సన్నంగా?"

"దానికి," అంది అమ్మ, తలెత్తకుండా. "గది చిన్నదట కదా."

ఫలితాలు రావడానికి ఇంకా టైముంది.

అక్క మెట్ల మీద నిలబడి ఉంది. విన్నదో లేదో నేను చెప్పలేను. వెనక్కి తిరిగి పైకెళ్ళిపోయింది. కాసేపటికి సూది, దారం తెచ్చుకుని అమ్మ పక్కన కూర్చుని గలేబుకి రెండో అంచు కుట్టడం మొదలుపెట్టింది. ఇద్దరూ చీకటి పడేలోగా ముగించారు.

చట్టం గెలిచింది. బొటాబొటి మెజారిటీ. ఆ బొటాబొటిలో మా అమ్మ ఉందా లేదా అని ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు.

ఆకులు రాలే వేళకి కోర్టు పిలుపొచ్చింది. బావ ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. దారంతా జవాబులు వల్లె వేసుకుంటూ నడిచాడు, ప్రశ్నలతో దూది ఏకినట్టు ఏకుతారని. జడ్జిగారు కళ్ళజోడు మీంచి చూశారు.

"విడిగా ఉంటున్నారా?"

"అవునండీ. నేను పైన, ఆయన కింద," అంది అక్క.

"ఇక కలిసుండే ఉద్దేశం లేదు?"

"లేదండీ."

"మీకో?"

"లేదండీ," అన్నాడు బావ.

జడ్జిగారు సంతకం పెట్టి పక్కన పెట్టారు. బావ కదల్లేదు.

"ఇంకేమైనా ఉందా?"

"అది కాదండీ... తప్పెవరిదని అడగరా?"

"కొత్త చట్టంలో ఆ ప్రశ్న లేదు. వెళ్ళిరండి."

బయట మెట్ల మీద బావ కాసేపు నిలబడ్డాడు. "ఇంతేనా? ఈ మూడు ముక్కలకేనా నాతో పరుపుని కొట్టించారు?" అన్నాడు. ఆ మాటకి అక్క నవ్వింది. ఇంటికి ముగ్గురం కలిసే నడిచాం. అక్క ఇటు, బావ అటు, మధ్యలో పరుపులా నేను.

ఓనరమ్మ అక్క ఒక్కదాని సంతకంతోనే తాళంచెవి ఇచ్చేసింది. ఇంక పరుపు ఒక్కటే మిగిలింది. మర్నాడు పొద్దున్నే నీలం చారల గలేబులో దూది నింపి, మూతి కుట్టి, చట్రంలో నిలబెట్టాను. అక్క ఇటు నిలబడింది. బావ అటు నిలబడ్డాడు. దబ్బనం బావ చేతిలో ఉంది. దబ్బనం కోసం అక్క చెయ్యి చాపింది. తట్టు రాలేదు.

"ఒరేయ్," అన్నాడు బావ అటునుంచి, "మీ అక్కని..." అని ఆగిపోయాడు. కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. తర్వాత నాతో కాదు, నేరుగా పరుపుతో అన్నట్టు అడిగాడు.

"మెత్తగానా, గట్టిగానా?"

అక్క చెయ్యి అలాగే ఉండిపోయింది. ఊళ్ళో ప్రతి మనిషినీ అడిగిన ప్రశ్న. ఆమెని మాత్రం అడగడం అదే మొదటిసారి.

"గట్టిగా," అంది.

"గట్టిగానా?" అటువైపు నిజంగా ఆశ్చర్యం. "మన మంచానికి అంత మెత్తటిది చేశానే! అలాంటిది ఊళ్ళో ఇంకెవరికీ చెయ్యలేదు!"

"అందుకే నాకు నడుం నొప్పి."

"అయ్యో. చెప్పొచ్చుగా?"

"అడగొచ్చుగా?"

అంతే, పరుపు కదలడం మొదలుపెట్టింది. అటునుంచి బావ నవ్వు, ఇటునుంచి అక్క నవ్వు. మధ్యలో పరుపు గజగజా ఊగిపోతోంది. నేను చట్రం పట్టుకోకపోతే కింద పడేదే. పైనుంచి అమ్మ కేకేసింది. "ఏంట్రా అక్కడ, పనా పాటా?"

"పనే అత్తయ్యా!" అన్నాడు బావ, అలవాటు కొద్దీ.

"అలాగే పిలువు నాయనా," అంది అమ్మ. "టీ పెట్టాను, ఇద్దరూ పైకొచ్చి తాగిపోండి."

బావ చట్రం మీద ఒక తట్టు తట్టాడు. దబ్బనం ఇటు వచ్చింది. అక్క అందుకుని, పాదం చట్రానికి ఆనించి, తనకి కావలసినంత గట్టిగా లాగింది.

ఇప్పటికీ ఇద్దరూ ఉన్నారు. చూపు తగ్గింది, దబ్బనం మానలేదు. అక్క రోజూ పొద్దున మిల్లు వెనక వీధినుంచి తాళంచెవి ఊపుకుంటూ వస్తుంది, సాయంత్రం తన తలుపు తనే తీసుకుంటుంది. పనిలో ఇద్దరూ ఎంత వాగుతారంటే, మధ్యలో వంతెన ఉద్యోగం పోయి నేను ఇలా మీ ప్రాణాలు తోడుతున్నాను. కాబట్టి గ్రూపులో అడిగిన బాబూ, మిగతా ఇళ్ళ సంగతి నాకు తెలీదు. మా ఇల్లు కూలలేదు. ఒక గది పెరిగింది.

ఉంటాను మరి. ఈ కథని మీ దగ్గరే దాచుకోకండి, నలుగురి చెవినా వెయ్యండి. కాకపోతే ఫోన్లో పంపేముందు, ఇంట్లో మీ పక్కనున్న మనిషిని ఒక్క ముక్క అడిగి, జవాబు విని, అప్పుడు పంపండి. ఏం అడగాలో మీకు తెలుసుగా.